పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టినా కెమెరాలు కనపడటం లేదంటే ముందు వాన్ ఐపీ చూడండి

మీ ప్రశ్న చదివానండి. విజయవాడ పటమటలో మీ ఇంటికి ఫైబర్ కంపెనీ ఇచ్చిన బాక్స్‌కి కొత్త రౌటర్ కొని తగిలించారు. కెమెరా బొమ్మల్ని రికార్డు చేసే డీవీఆర్ కోసం పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టారు, అంటే బయటినుంచి వచ్చే పిలుపుని డీవీఆర్‌కి పంపమని రౌటర్‌కి చెప్పారు. అయినా హైదరాబాద్‌లో ఉన్న మీ అమ్మాయికి ఇంటి కెమెరాలు కనపడటం లేదు. పైగా ఆఫీసు వీపీఎన్‌లో, అంటే ఆఫీసు నెట్‌వర్క్‌కి నెట్ మీదుగా వేసిన రహస్య దారిలో, మెయిల్స్ తెరుచుకుంటున్నాయి గానీ పెద్ద ఫైలు పంపితే మధ్యలో ఆగిపోతోంది. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఏం మార్చాలని అడిగారు.

నా సలహా ఏమిటంటే, ఇప్పుడే ఏదీ మార్చకండి. ముందు ఒక నంబరు చూడండి: వాన్ ఐపీ, అంటే మీ రౌటర్‌కి బయటివైపు ఉన్న నెట్ అడ్రస్. అది చూడకపోవడం వల్ల 2021లో గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో మూడు రాత్రులు వృథా అయ్యాయి.

అప్పుడు నేను పైవాటాలో వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాణ్ణి. అమ్మానాన్న కింద. నాన్నగారికి ఆపరేషన్ అయ్యాక, నేను ఊరెళ్లినప్పుడు కూడా కింద హాలు, గేటు ఫోన్‌లో కనపడాలని నాలుగు కెమెరాలు పెట్టించాను. పోర్ట్ నంబరు సరిగ్గానే ఇచ్చాను, డీవీఆర్ ఐపీ సరిగ్గానే ఇచ్చాను. ఇంటి వైఫైలో బొమ్మ వస్తుంది, మొబైల్ డేటాకి మారితే గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. మూడో రాత్రి రౌటర్‌లో స్టేటస్ పేజీ తెరిచి చూస్తే వాన్ ఐపీ అన్నచోట 192.168.1.4 అని ఉంది. అది బయటి ప్రపంచం ఇచ్చిన అడ్రస్ కాదు, ఫైబర్ బాక్స్ లోపల పంచిన అడ్రస్. అంటే ఆ బాక్స్ కూడా ఒక రౌటరే. సరే అని ఆ బాక్స్ పేజీలోకి వెళ్లి చూస్తే అక్కడ వాన్ ఐపీ 100.81తో మొదలైంది. ఫోన్‌లో నా ఐపీ ఏమిటని వెతికితే దానికి సంబంధం లేని ఇంకో నంబరు వచ్చింది.

అసలు సంగతి అక్కడుంది. మన పోర్ట్ ఫార్వర్డింగ్ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి చెప్పినట్టు: ఫలానా పార్సిల్ వస్తే 302కి పంపించు అని. కానీ మా ఇంటి ముందు ఇంకో రెండు గేట్లున్నాయి. ఒకటి ఫైబర్ బాక్స్, రెండోది కంపెనీ దగ్గరే ఉన్న పెద్ద గేటు. ఆ పెద్ద గేటు దగ్గరివాడికి మనం ఎవరో తెలియదు, పార్సిల్ అక్కడినుంచే వెనక్కి పోతుంది. లోపలి వాచ్‌మన్‌కి ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు. ఆ పెద్ద గేటుని సీజీనాట్ అంటారు. ఐపీ అడ్రసుల పాత పద్ధతి అయిన వెర్షన్ 4లో ఉన్న మొత్తం అడ్రసులు సుమారు 429 కోట్లే. మన ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి కేటాయించిన నిల్వ 2011 ఏప్రిల్‌లోనే చివరి దశకొచ్చింది. అందుకే కంపెనీలు ఒకే బయటి అడ్రస్‌ని ఎన్నో ఇళ్లకి కలిపి వాడతాయి. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న నంబర్లను 2012లో ఇందుకోసమే విడిగా కేటాయించారు.

కాబట్టి మీరు చూడాల్సింది ఇది. మీ రౌటర్ వాన్ ఐపీ 192.168తో మొదలైతే పైన ఇంకో రౌటర్ ఉన్నట్టే. 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే సీజీనాట్. 10తో మొదలైతే ఈ రెండిట్లో ఏదైనా కావచ్చు, ఫైబర్ బాక్స్ పేజీ కూడా చూడాలి. ఫోన్‌లో కనపడే నంబరూ, వాన్ ఐపీ నంబరూ ఒకటే అయితే మీరు అదృష్టవంతులు, మీ పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేయాలి. ఒక్క జాగ్రత్త: ఫోన్ ఇంటి వైఫైలో ఉన్నప్పుడే చూడండి, మొబైల్ డేటాలో చూస్తే అది సిమ్ కంపెనీ నంబరు.

పైన రెండో రౌటర్ ఉండటమే సమస్య అయితే దానికి మందు బ్రిడ్జ్ మోడ్. అందులో ఫైబర్ బాక్స్ వెలుగుని కరెంటు సిగ్నల్‌గా మార్చే పని మాత్రమే చేస్తుంది, ఇంటర్నెట్ లాగిన్ మీ రౌటర్ చేస్తుంది. దీనికి మూడు వివరాలు కావాలి: పీపీపీఓఈ (కంపెనీ నెట్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ నేమ్, దాని పాస్‌వర్డ్, విలాన్ ఐడీ (కంపెనీ లైన్‌లో మీ నెట్ వచ్చే దారి నంబరు). మొదటి రెండూ అందరూ అడుగుతారు, మూడోది మర్చిపోతారు. విలాన్ ఐడీ తప్పయితే రౌటర్ ఎంతసేపు డయల్ చేసినా అవతలి నుంచి జవాబే రాదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినప్పుడు ఈ మూడూ పేరు పెట్టి అడగండి. "నెట్ సరిగ్గా రావట్లేదు" అంటే లైన్‌మన్‌ని పంపి బాక్స్ ఆఫ్ చేసి ఆన్ చేయిస్తారు, అంతే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి, మీకు అలా జరగకూడదని. తొందరలో ఫైబర్ బాక్స్ వెనక రంధ్రంలో పిన్నీసు పెట్టి పది సెకన్లు నొక్కాను. రీసెట్ చేస్తే శుభ్రమవుతుంది కదా అనుకున్నాను. అది శనివారం రాత్రి. బాక్స్ మళ్లీ వెలిగింది, ఫైబర్ కలిసిందని చెప్పే పాన్ లైటు పచ్చగా నిలబడింది, సిగ్నల్ పోయిందని చెప్పే ఎల్ఓఎస్ ఎర్రలైటు రాలేదు, అంటే ఫైబర్ బాగానే ఉంది. ఇంటర్నెట్ లైటు మాత్రం వెలగలేదు. లోపలున్న పీపీపీఓఈ వివరాలన్నీ పోయాయి. నా దగ్గర కాపీ లేదు. ఆదివారమంతా నాన్నగారికి డాక్టర్‌తో వీడియో కాల్ కూడా లేకుండా పోయింది, సోమవారం మధ్యాహ్నం లైన్‌మన్ వచ్చేదాకా ఒకటే టెన్షన్. దయచేసి ఆ రంధ్రం జోలికి పోకండి. ఏ పేజీ ముట్టుకునే ముందైనా దాన్ని ఫోన్‌తో ఫొటో తీయండి. రౌటర్‌లో బ్యాకప్ ఆప్షన్ ఉంటే ఫైలు దాచుకోండి.

బ్రిడ్జ్ మోడ్ ఇవ్వం అంటే గొడవపడక్కర్లేదు. మీ కొత్త రౌటర్‌ని వైఫై మాత్రమే పంచే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. అప్పుడు ఇంట్లో రౌటర్ ఒకటే అవుతుంది, వైఫై మాత్రం కొత్తదాన్నుంచి వస్తుంది. ఫార్వర్డింగ్ అప్పుడు ఫైబర్ బాక్స్‌లో పెట్టుకోవాలి.

సీజీనాట్ అయితే మాత్రం మీ ఇంట్లో ఏ బటన్ నొక్కినా తీరదు. స్టాటిక్ ఐపీ (మారని బయటి అడ్రస్) లేదా పబ్లిక్ ఐపీ (మీకే సొంతమైన బయటి అడ్రస్) కావాలని కంపెనీని అడగాలి, దానికి సాధారణంగా విడిగా డబ్బు తీసుకుంటారు. నేను తీసుకోలేదు. ఎందుకంటే అప్పటికి నాకు ఇంకో విషయం అర్థమైంది: డీవీఆర్‌ని నేరుగా బయటికి తెరవడమే తప్పు.

ఈ మాట గట్టిగా చెబుతున్నాను. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ సరిగ్గా ఇలాంటి కెమెరాలను, డీవీఆర్‌లను, రౌటర్లనే పట్టుకుంది. కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసినవాటిలోకి వరసగా దూరింది. ఆ ఏడాది అక్టోబర్‌లో ఆ గుంపు చేసిన దాడికి అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. మీ హాల్లో, గేటు దగ్గర మీ ఇంట్లోవాళ్లు తిరిగే బొమ్మ అది. దానికి అడ్డంగా ఒక పాస్‌వర్డ్ మాత్రమే ఉంచి పోర్ట్ తెరిచిపెట్టడం నాకు మనసొప్పదు.

దానికి బదులు ఇంటికే ఒక వీపీఎన్ పెట్టుకోండి. బయటి ఐపీ ఉంటే రౌటర్‌లోనే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సర్వర్ ఉందేమో చూడండి. దానికి మామూలుగా 51820 అనే ఒక్క యూడీపీ పోర్ట్ చాలు, తాళంచెవి లేనివాళ్లకి అది జవాబే ఇవ్వదు. సీజీనాట్ వెనక ఉంటే టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ లాంటిది వాడొచ్చు, అది లోపలినుంచి బయటికి దారి వేసుకుంటుంది కాబట్టి పెద్ద గేటు అడ్డు రాదు. మా ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు మీద అదే నడుస్తోంది. నేను బెంగళూరు వెళ్లినా ఫోన్‌లో వీపీఎన్ ఆన్ చేస్తే ఇంటి వైఫైలో ఉన్నట్టే డీవీఆర్ తెరుచుకుంటుంది. ఇంత శ్రమ వద్దనుకుంటే డీవీఆర్ కంపెనీ యాప్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి వాడుకోండి. పాస్‌వర్డ్ మాత్రం మార్చండి, ఇన్‌స్టాలర్ పెట్టింది ఉంచకండి.

ఏ పద్ధతి అయినా డీవీఆర్‌కి అడ్రస్ స్థిరంగా ఉండాలి. రౌటర్‌లో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ పేజీలో రిజర్వేషన్ అని ఉంటుంది, అందులో డీవీఆర్ మ్యాక్ అడ్రస్ (ఆ పరికరానికి పుట్టుకతో ఉన్న గుర్తింపు నంబరు) ఇచ్చి 192.168.1.50 లాంటి నంబరు కట్టేయండి. మాకు ఒకసారి కరెంటు పోయి వచ్చాక డీవీఆర్‌కి వేరే అడ్రస్ వచ్చింది, దాని పాత అడ్రస్ అమ్మ ఫోన్‌కి వెళ్లింది. నేనేమో కెమెరా పాడైందని మెకానిక్‌ని పిలిచాను.

ఇక మీ వీపీఎన్ ఫైలు ఆగిపోవడం. మెయిల్స్ వచ్చి పెద్దవి ఆగుతున్నాయంటే నా అనుమానం ఎంటీయూ మీద, అంటే ఒక ప్యాకెట్‌కి అనుమతించే గరిష్ఠ సైజు మీద. మామూలు ప్యాకెట్ 1500 బైట్లు. పీపీపీఓఈ అందులో 8 బైట్లు తినేస్తుంది, మిగిలేది 1492. ఆ సంగతి మధ్యలో ఎవరికీ తెలియకపోతే చిన్న ప్యాకెట్లు దాటిపోతాయి, నిండుగా ఉన్నవి మాయమవుతాయి. వీపీఎన్ ఆపేసి, ల్యాప్‌టాప్‌లో పింగ్ కమాండ్‌ని ముక్కలు చేయొద్దనే ఆప్షన్‌తో 1472 సైజు పెట్టి కొట్టండి. వెళ్లకపోతే తగ్గిస్తూ రండి. మాకు 1464 దగ్గర జవాబు రావడం మొదలైంది. దానికి ప్యాకెట్ ముందు తగిలే హెడర్ల 28 బైట్లు కలిపితే 1492. రౌటర్ వాన్ పేజీలో ఎంటీయూ అదే పెట్టాను. వీపీఎన్ తనవంతుగా ఇంకొన్ని బైట్లు తీసుకుంటుంది కాబట్టి ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ అడాప్టర్‌కి 1400 ఇచ్చాను. అరగంటలో ఆగిపోయే ఫైలు ఆ సాయంత్రం ఒక్క దమ్ములో వెళ్లింది.

వైఫై గురించి ఎక్కువ చెప్పను. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానల్ ఆటో తీసేసి 1, 6, 11లో పక్కింటివాళ్లు తక్కువగా ఉన్నది పెట్టండి, ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. 5 గిగాహెర్ట్జ్ మన శ్లాబు దాటి కిందికి బాగా రాదు, మీకూ కింద వాటా ఉంటే అక్కడికి కేబుల్ లాగి ఇంకో యాక్సెస్ పాయింట్ పెట్టడమే మేలు. పాస్‌వర్డ్ లేకుండా బటన్‌తో వైఫై కలిపే డబ్ల్యూపీఎస్, బయటినుంచి రౌటర్ పేజీ తెరిచే రిమోట్ మేనేజ్‌మెంట్ రెండూ ఆపేయండి. వెబ్‌సైట్ పేరుని నంబరుగా మార్చే డీఎన్ఎస్‌ని 1.1.1.1 కి మార్చినా 8.8.8.8 కి మార్చినా మీ రెండు సమస్యలూ పోవు, దానిమీద సమయం పెట్టకండి.

ఇప్పుడు స్టేటస్ పేజీ తెరిచి వాన్ ఐపీలో మొదటి రెండు భాగాలు మాత్రం నాకు రాయండి. మొత్తం ఐపీ, యూజర్ నేమ్ ఎక్కడా పెట్టకండి. ఫైబర్ బాక్స్ పేజీలోకి వెళ్లగలిగితే అక్కడి నంబరు కూడా అలాగే రాయండి. బ్రిడ్జ్ అడగాలో, స్టాటిక్ ఐపీ అడగాలో చూసి చెబుతాను. రాత్రి తొమ్మిది తర్వాత ఖాళీగానే ఉంటాను.