పవర్ కళ్లజోడు ఉన్నవాళ్లు చెక్క పనికి ఏ సేఫ్టీ గ్లాసెస్ తీసుకోవాలి?

ఇంట్లో కొత్తగా సర్క్యులర్ సా (గుండ్రటి బ్లేడు తిరిగే కరెంటు రంపం), రూటర్ (చెక్కలో గాళ్లు, అంచులు చెక్కే మెషీన్) వాడుతున్నారు, పవర్ కళ్లజోడు ఉంది, దానికే పక్కన షీల్డులు తగిలించుకుంటే చాలా అని అడిగారు. చాలదండీ. నేనూ అలాగే అనుకుని కన్ను మీదకి తెచ్చుకున్నాను.

మూడేళ్ల కిందట పాత ద్వారబంధం టేకు చెక్క కోస్తున్నాను. మేకులన్నీ పీకేశాననుకున్నా, ఒకటి తల విరిగి లోపలే ఉండిపోయింది. బ్లేడు తగలగానే టప్‌మని చప్పుడు. మెషీన్ ఆపి చూస్తే కుడి అద్దం మీద ఆవగింజంత గుంట, దాని నుంచి సన్నగా రెండు బీటలు. అంతలోనే కన్ను భగ్గున మండింది. చెంపకీ ఫ్రేముకీ మధ్య సందులోంచి ఒక పేడు లోపలికి పోయింది. డాక్టరు గారు తీసి చూపిస్తే గోరు చివరంత కూడా లేదు. దానికే వారం రోజులు చుక్కల మందు వేసుకున్నాను.

మామూలు కళ్లజోడు చూపు కోసం చేసింది, దెబ్బ కాయడానికి కాదు. పాలీకార్బొనేట్ (పగలని గట్టి ప్లాస్టిక్ రకం) అద్దాలు వేయించుకున్నా, గట్టి దెబ్బ తగిలితే అద్దం ఫ్రేములోంచి ఊడి కంటి మీదకే రావచ్చు. పక్క షీల్డులు పక్కల్ని మూస్తాయి గానీ, పై సందు, కింది సందు అలాగే ఉంటాయి.

మీకు కావలసినవి కళ్లజోడు మీద పెట్టుకునేలా చేసినవి. షాపుల్లో ఓటీజీ (ఓవర్ ది గ్లాసెస్) అంటే ఇస్తారు. వాటి మీద ముద్ర చూడండి. మన దేశంలో ఐఎస్ 5983, అమెరికాదైతే జడ్87+ (ఆ ప్లస్ గుర్తు ఉంటేనే గట్టి దెబ్బ పరీక్ష నెగ్గినట్టు), యూరప్‌దైతే ఈఎన్ 166. ఈఎన్‌లో ఎఫ్ అని ఉంటే 6 మిల్లీమీటర్ల ఉక్కు గుండు సెకనుకు 45 మీటర్ల వేగంతో తగిలినా తట్టుకుంటుంది, బి అని ఉంటే 120 మీటర్లు. ఏడంగుళాల బ్లేడు నిమిషానికి 5000 చుట్లు తిరిగితే దాని పళ్ల వేగమే సెకనుకు సుమారు 47 మీటర్లు ఉంటుంది. అందుకే సా, రూటర్ పనికి నేను బి ముద్ర ఉన్న గాగుల్స్ వాడతాను. ఉలి పనికి, చిత్రిక పట్టడానికి ఎఫ్ చాలు.

కొనేటప్పుడు మీ కళ్లజోడు పెట్టుకునే వెళ్లండి. ఆన్‌లైన్‌లో తీసుకుంటే ముందు ఫ్రేము వెడల్పు, ఎత్తు స్కేలుతో కొలవండి. పైన గాగుల్స్ పెట్టుకుని, చెక్క మీద గీత చూస్తున్నట్టు తల బాగా వంచండి. కళ్లజోడు ముక్కు మీద జారితే పవర్ సరిగా కుదరదు, గీత తప్పుతుంది. బైఫోకల్ (ఒకే అద్దంలో దూరానికీ దగ్గరికీ రెండు పవర్లు) వాళ్లకి ఇది ఇంకా ఇబ్బంది. తర్వాత అరగంట అలాగే ఉండి చూడండి. ఓటీజీ కాడలు మన కళ్లజోడు కాడల్ని నొక్కితే చెవుల వెనక నొప్పి మొదలవుతుంది. నాకు అలా అయ్యే ఎలాస్టిక్ పట్టీ ఉన్న గాగుల్స్‌కి మారాను.

అసలు సమస్య ఆవిరి. మాది విజయవాడ. మే నెలలో మాస్కు కూడా పెట్టుకుంటే ఊపిరి పైకి తన్ని రెండు అద్దాలూ మసకబారిపోతాయి. విసుగొచ్చి గాగుల్స్ నుదుటి మీదకి నెట్టేస్తాం. ప్రమాదం సరిగ్గా అప్పుడే. యాంటీ ఫాగ్ కోటింగ్ ఉండాలి, గాలి రంధ్రాలు సూటిగా కాకుండా మూత చాటున ఉండాలి. సూటి రంధ్రాల్లోంచి పొట్టు లోపలికి వచ్చేస్తుంది. మాస్కు ముక్కు తీగను గట్టిగా నొక్కితే ఆవిరి తగ్గుతుంది.

పొట్టు పడ్డ అద్దాన్ని చొక్కాతో తుడవకండి, ముందు నీళ్లతో కడగండి. లేకపోతే గీతలు పడతాయి. ఫేస్ షీల్డు వాడినా దాని లోపల గాగుల్స్ ఉండాల్సిందే. రోజూ పని చేసేవాళ్లయితే పవర్‌తోనే సేఫ్టీ గ్లాసెస్ చేయించుకోవడం మేలు. ఖర్చు ఎక్కువే, కానీ రెండు జోళ్ల బాధ ఉండదు.

చెక్క అవతలి కొస పట్టుకునేవాళ్లకీ ఒక జత కొనండి. మా షెడ్డు తలుపు పక్కన మేకుకి రెండు వేలాడుతుంటాయి, రెండోది మా ఆవిడది.