యూరప్ వైన్లన్నీ పుల్లగానే ఉన్నాయి, తేడా తెలియాలంటే ఎలా?

మీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది, ఏమనుకోకండి, తొమ్మిదేళ్ల కిందట నేనూ అచ్చం ఇలాగే అడిగాను. జర్మనీ వచ్చి ఆరు నెలలైందని, నాలుగు దేశాల వైన్లు కొని తాగితే తెల్లవి పుల్లగా, ఎర్రవి పుల్లగా పైగా చేదుగా ఉన్నాయని, వీటిలో జనం ఏం తేడా కనిపెడతారో అర్థం కావట్లేదని రాశారు. వారానికో సీసా తాగితే ఎవరికీ అర్థం కాదండి. పోయిన శనివారం రుచి ఈ శనివారానికి గుర్తుండదు. హెచ్‌ఎంటీ బియ్యం, సోనా మసూరి వేర్వేరు రోజుల్లో తిని తేడా చెప్పమంటే మా అమ్మే తడబడుతుంది, రెండూ ఒకే కంచంలో వడ్డిస్తే నేను కూడా చెప్పేస్తాను. కాబట్టి ఒకే సాయంత్రం ఐదారు సీసాలు తెరవాలి. ఒంటరిగా కాదు లెండి.

నేనుండేది మైంజ్‌లో. ఇక్కడ వసంతం వచ్చిందంటే శనివారం పొద్దున్నే సంతలో, కేథడ్రల్ పక్కన, వైన్ రైతులు బల్లలేసుకుని గ్లాసుల్లెక్కన అమ్ముతారు, పెద్దవాళ్లు కూరగాయల సంచీ కాళ్ల దగ్గర పెట్టుకుని నిలబడి తాగుతుంటారు. అక్కడే సరదా పుట్టింది. తెలుగువాళ్లం ఏడుగురం తలా పదిహేను యూరోలు వేసుకున్నాం. 750 మిల్లీలీటర్ల సీసాలో 50 చొప్పున పోస్తే పదిహేను సార్లు వస్తుంది, అంటే ఏడుగురికి రెండేసి సార్లు పోసినా ఇంకా మిగులుతుంది.

మొదటిసారి పూర్తిగా చెడగొట్టుకున్నాం. తీపిగా ఉంటుంది, కొత్తవాళ్లకి బాగుంటుంది అని ముందు పోర్ట్ తెరిచాం. పోర్ట్ అంటే పోర్చుగల్‌లో డోరో లోయ వైన్, ద్రాక్షరసం సగం పులిసేసరికి అందులో 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష స్పిరిట్ పోస్తారు, దాంతో ఈస్ట్ చచ్చిపోయి చక్కెర అలాగే మిగిలిపోతుంది, ఆల్కహాల్ 20 శాతం దాకా ఉంటుంది. అది తాగాక ఏది పోసినా చింతపండు రసంలా ఉంది. దానికి తోడు గోంగూర మటన్. జూలై నెల, ఇంట్లో 28 డిగ్రీలు, ఎర్ర వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలని ఎవరో చెప్పారని అలాగే పోస్తే స్పిరిట్ వాసన ముక్కుకి కొట్టింది. ఆ మాట చలి రాతిళ్ల కాలం నాటిదని తర్వాత తెలిసింది. ఎర్రవి 16, 17 డిగ్రీల్లో ఉండాలి, అంటే ఎండాకాలంలో ఫ్రిజ్‌లో ఓ గంట. తెల్లవి బాగా చల్లగా ఉంటే వాసనే రాదు, పది నిమిషాల ముందు బయట పెట్టండి.

రెండోసారి బుద్ధొచ్చి తేలికవి ముందు, బరువైనవి తర్వాత, తీపి చివర అనుకున్నాం. ఇక్కడే నేను చెప్పాలనుకున్న అసలు సంగతి ఉంది: విడి సీసాలు కొనకండి, జతలు కొనండి. జతలో ఒకే ఒక్క విషయం కొట్టొచ్చినట్టు తేడాగా ఉండాలి.

మొదటి జత రెండు తెల్లవి, ఇక్కడి మోజెల్ నది పక్కన పండిన రీస్లింగ్ ద్రాక్షతో చేసిన కాబినెట్ (జర్మనీ లేబుళ్ల మీద తేలికపాటి వైన్‌కి వాడే మాట) ఒకటి, ఫ్రాన్స్‌లో బర్గండీ ఉత్తర కొసన ఉండే షాబ్లీ ఇంకొకటి. రెండూ పులుపే. కానీ రీస్లింగ్‌లో ఆ పులుపు కింద తీపి ఉంది, నాటు ద్రాక్షపండు గింజ దగ్గర కొరికినట్టు. షాబ్లీలో తీపి ఊసే లేదు, నిమ్మచెక్క నాకి వదిలేసినట్టు శుభ్రంగా ఆగిపోతుంది. లేబుల్ మీద ఒక చిట్కా ఉంది, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి: మోజెల్ రీస్లింగ్ మీద ఆల్కహాల్ 8, 9 శాతం అని ఉంటే చక్కెర మిగిలే ఉంటుంది, 12 ఉండి ట్రోకెన్ అనే మాట కనిపిస్తే తీపి లేనట్టే. చక్కెర ఆల్కహాల్‌గా మారడమే కదా పులియడం అంటే, మధ్యలో ఆపేస్తే ఆల్కహాల్ తక్కువ, చక్కెర ఎక్కువ. షాబ్లీ గురించి మాత్రం రాళ్ల రుచి, గుల్లల రుచి అని చాలా చెప్తారు. అక్కడి నేలలో కోట్ల ఏళ్ల నాటి ఆల్చిప్పల శిలాజాలు ఉన్నమాట నిజమే, వేరు వాటిని పీల్చి ద్రాక్షలో పెడుతుందన్నది మాత్రం నేను నమ్మను.

రెండో జత ఎర్రవి. ఇటలీ నుంచి బరోలో, ఫ్రాన్స్ నుంచి బోజొలే. బరోలో ఖరీదైనది, మా డబ్బుల్లో నాలుగో వంతు దానికే పోయింది. గ్లాసులో పోస్తే మా వాడొకడు "ఇదేంట్రా, నీళ్లు కలిపారా" అన్నాడు, రంగు అంత పల్చన. నోట్లో పోసుకున్నాక మూతి ముడుచుకుపోయింది. పచ్చి అరటికాయ ముక్క కొరికినట్టు, బాగా మరిగిన డికాషన్ తాగినట్టు చిగుళ్లు పట్టేశాయి. దీనికి కారణమైన పదార్థాన్ని ఇంగ్లీషు వాళ్లు టానిన్ అంటారు, ఆ తాకిడికి మనకి ఎప్పటి నుంచో ఉన్న మాట వగరు. మీరు చేదు అని రాసింది బహుశా ఇదే. చేదు నాలుక మీద తెలిసే రుచి, వగరు నోరంతా పట్టేసే తాకిడి. ద్రాక్ష తొక్కలోని, గింజలోని పదార్థం లాలాజలంలో ప్రొటీన్లని పట్టేసుకోవడం వల్ల నోరు ఎండిపోయినట్టవుతుంది. తెల్ల వైన్‌కి తొక్క తీసేసి రసం మాత్రమే పులియబెడతారు కాబట్టి వగరు పెద్దగా ఉండదు. బోజొలే చేసే గామే ద్రాక్షలో అది తక్కువ, కొంచెం చల్లబరిచి తాగితే నేరేడుపళ్ల జ్యూస్‌లా దిగిపోయింది. ఈ రెండూ పక్కపక్కన తాగాక వగరు అంటే ఏంటో మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేదు.

మూడో జత కూడా ఎర్రవే, ఇటలీ నుంచి కియాంతి క్లాసికో, స్పెయిన్ నుంచి రియోహా రెసెర్వా. కియాంతిలో పులుపు పైకి తేలుతుంది, టమాటా పప్పుతో తాగి చూశాను, బ్రహ్మాండంగా కుదిరింది. రియోహా రెసెర్వా అంటే కనీసం మూడేళ్లు మాగాలి, అందులో ఒక ఏడాదైనా ఓక్ పీపాలో ఉండాలి. అమెరికన్ ఓక్ పీపాలు అక్కడ బాగా వాడతారు. వాసన చూడగానే మా మిత్రుడి భార్య "ఎండుకొబ్బరి!" అంది, ఎవరూ ఏమీ చెప్పకముందే. నిజంగానే ఆ చెక్కలోంచి కొబ్బరి వాసనిచ్చే పదార్థం దిగుతుందట. రివ్యూల్లో రాసే గూస్‌బెర్రీ, బ్లాక్‌కరెంట్ మనం చిన్నప్పుడు తిన్నవా చూసినవా, వాటి కోసం వెతికితే ఎలా దొరుకుతాయి? ఉసిరి, రేగుపండు, నేరేడు, కొత్త గోనెసంచి, ఏది గుర్తొస్తే అదే రాసుకోండి.

గోనెసంచి అంటే గుర్తొచ్చింది, ఓసారి ఒక సీసా తడిసిన అట్టపెట్టె వాసన వచ్చింది, ఇదీ ఒక స్టైలేమో అని అందరం సగం తాగేశాం. కార్క్ పాడైన సీసా అది. షాపుకి తీసుకెళ్తే మారుస్తారని మాకు తెలియదు.

సీసాలకి తప్పకుండా న్యూస్‌పేపర్ చుట్టి నంబర్లు రాయండి. 2001లో ఒక అధ్యయనం వచ్చింది, బోర్డో యూనివర్సిటీలో వైన్ చదువుకునే 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు. చదువుకునేవాళ్లే అలా పడిపోతే ధర ట్యాగ్ చూసిన మనమెంత. మా దగ్గర పేపర్లు విప్పితే అన్నిటికన్నా ఎక్కువ మార్కులు ఏడు యూరోల బోజొలేకి వచ్చాయి, బరోలో కొనుక్కొచ్చినవాడి ముఖం చూడాలి.

ఇంకోటి అడిగారు, సీసా మీద ద్రాక్ష పేరు ఎందుకుండదని. యూరప్‌లో చాలాచోట్ల ఊరి పేరే ద్రాక్ష ఏదో చెప్తుంది. షాబ్లీ అంటే షార్డొనే, కియాంతి అంటే ముఖ్యంగా సాంజొవేజె, రియోహా ఎర్రది అంటే చాలావరకు టెంప్రానియో. మనం బంగినపల్లి అన్నట్టే అనుకోండి, కాకపోతే మనం ఎక్కడ కాసినా బంగినపల్లే అంటాం, షాబ్లీ ద్రాక్ష పక్క జిల్లాలో పండిస్తే ఆ పేరు పెట్టుకోనివ్వరు.

రుచి చూసిన వైన్ మింగకుండా ఉమ్మడం గురించి కూడా చెప్పాలి. ఎంగిలి అని మొదట ఎవరూ ఒప్పుకోలేదు, నాలుగో గ్లాసుకి మాటలు తేలిపోతుంటే తలా ఓ స్టీలు గ్లాసు పెట్టుకున్నాం. వైన్ల రుచి చూడటం అయ్యాకే తిండి పెట్టండి, మధ్యలో ఉప్పు లేని బ్రెడ్, నీళ్లు చాలు. కారం ఉన్నప్పుడు వగరు వైన్, ఎక్కువ ఆల్కహాల్ వైన్ తాగితే మంట రెట్టింపవుతుంది. చికెన్ వేపుడుకి ఆ తీపి రీస్లింగే సరిజోడు, ఇప్పటికీ మా ఇంట్లో ఆదివారం అదే.

మిగిలినవి పారబోయకండి. బిరడా పెట్టి, ఎర్రవైనా సరే ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు సాయంత్రం బరోలో మళ్లీ పోసుకుంటే వగరు కాస్త తగ్గి, ఎండిన గులాబీ వాసన వచ్చింది, ముందురోజు తిట్టినవాళ్లకి ఫోన్ చేసి చెప్పాను కానీ అప్పటికి రెండు గుక్కలే మిగిలింది. షాబ్లీ మూడో రోజుకి చప్పబడింది. పోర్ట్ మాత్రం నెల దాకా వంటింటి ఫ్రిజ్ తలుపులో అలాగే బాగుంది.