‘డః’ అంటే తిట్టా?

“ఏటక్కా, ‘డః’ అంటే ఏటి? తిట్టా?” అని అడిగాడు రాజాం నుంచి మాస్టర్స్ చదవడానికి అమెరికా వచ్చిన తమ్ముడు. థాంక్స్‌గివింగ్ రోజున క్లాసులుంటాయా అని పక్క కుర్రాడిని అడిగితే ఇంగ్లీషులో ఆ ఒక్క ముక్క (duh) అనేసి ఊరుకున్నాడట. నవంబరు నాలుగో గురువారం దేశమంతా సెలవని ఇక్కడ పుట్టినవాడికి తెలుస్తుంది, మొన్న వచ్చినవాడికి ఎలా తెలుస్తుంది? (నేనున్నప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, 2022లో విజయనగరంలో కలిపారు. రెండు జిల్లాల పిల్లలకీ పనికొస్తుందని రాస్తున్నాను.)

తిట్టు కాదు తమ్ముడూ. అలాగని మర్యాదైన మాటా కాదు. “ఆమాత్రం తెలీదా?” అని దాని భావం. మనవైపు “మరేటి!” అంటాం చూడు, అర్థంలో దానికి దగ్గర. కానీ “మరేటి” పెద్దవాళ్లతో కూడా ప్రేమగా అనొచ్చు, దీన్ని అనకూడదు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు చూపే తొలి వాడుక 1943 నాటి ఒక కార్టూన్ సినిమాలోది. బుర్ర మందంగా పనిచేసే పాత్ర మాటకి తడుముకుంటూ తీసే శబ్దం అది. ఆ ఎత్తిపొడుపు ఇప్పటికీ అందులో ఉంది.

అయితే నా బెంగ ‘డః’ గురించి కాదు. అది మనవాళ్లు ఎలాగూ అనరు. ‘ఆఫ్‌కోర్స్’, ‘ఆబ్వియస్లీ’ మాత్రం రోజూ అంటారు, తెలియకుండానే అదే ఎత్తిపొడుపు చేస్తారు. మేనేజరు “ఈ ఫైల్ కొంచెం చూసిపెడతావా?” అంటే “ఆఫ్‌కోర్స్” అను, సంతోషిస్తాడు. అదే మనిషి “నిన్నటి మార్పులు టెస్ట్ చేశావా?” అన్నప్పుడు “ఆఫ్‌కోర్స్” అంటే, “చెయ్యకుండా ఉంటానా, అదేం ప్రశ్న?” అన్నట్టు వినిపిస్తుంది. అక్కడ “యెస్, నిన్న సాయంత్రమే చేశాను” చాలు. సాయం అడిగితే ఆ మాట తీపి, సంగతి అడిగితే చేదు.

మనం ఎందుకిలా అంటామో నాకు తోచింది చెబుతాను. తెలుగులో మనకి ‘కదా’ ఉంది. “నిన్ననే చేశాను కదండీ” అంటే ఎవరూ నొచ్చుకోరు. ఇంగ్లీషులో అంత మెత్తని ముక్క దొరక్క, ఆ చోట ‘ఆబ్వియస్లీ’ పెట్టేస్తాం. ఇంటర్వ్యూలో “ఈ డేటాబేస్ ఎందుకు తీసుకున్నావు?” అంటే “ఆబ్వియస్లీ, స్పీడ్ కోసం” అని మొదలుపెట్టే పిల్లలున్నారు. అడిగినాయనకి అది తెలియదన్నట్టు ఉంటుంది. మీటింగులో అంటే ఇంకా నష్టం. అర్థంకాని కొత్తవాడు ఇక నోరు తెరవడు. మెయిల్లో రాసి ఉంటే కొట్టేసి చదివి చూడు, వాక్యానికి ఏ లోటూ రాదు.

సెలవులకి అమ్మానాన్నల్ని రప్పించుకునేవాళ్లకి ఒక్క మాట. మనవడు అమ్మమ్మని “డః” అంటే ముద్దుగా ఉందని నవ్వకండి. స్కూల్లో టీచర్ని అంటే ఇక్కడా తప్పే. “అమ్మమ్మ అడిగినదానికి సమాధానం చెప్పు” అని అప్పుడే చెప్పండి. వాడు కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికి, తనని తానే “డః” అనుకుంటే మాత్రం ఏ తప్పూ లేదు.

తమ్ముడూ, ఆ కుర్రాడు మళ్లీ అలా అంటే ముఖం చిన్నబుచ్చుకోకు. “నేను కొత్తగా వచ్చాను, నిజంగానే తెలీదు” అను. చాలామంది వెంటనే సర్దుకుని వివరంగా చెబుతారు. థాంక్స్‌గివింగ్ మర్నాడు శుక్రవారం కూడా చాలా యూనివర్సిటీలు మూసే ఉంటాయి. మీదెలాగో అదీ అడుగు.