బ్యాక్‌రెస్ట్, టాప్ బాక్స్ రెండూ మార్చి మార్చి వాడుకునే కిట్ కొనాలా?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. జీతం చేతికి 46,000 రూపాయలు వస్తుంది. రెండేళ్ల క్రితం అప్పు మీద 350 సీసీ టూరింగ్ బండి కొన్నాను. నెలకు 5,800 చొప్పున ఇంకా 14 వాయిదాలున్నాయి. నెలకు రెండుసార్లు నా భార్యతో అచ్చంపేటలోని అత్తగారింటికి బండి మీదే వెళ్తాను. ఏడాదికి నాలుగైదుసార్లు ఒక్కడినే శ్రీశైలం వైపో, ఇంకా దూరమో వెళ్లి వస్తాను. నడుము నొప్పి వస్తోందని ఆమె బ్యాక్‌రెస్ట్ పెట్టించమంటోంది. నాకు సామానుకు సీటు వెనుక బిగించే టాప్ బాక్స్ కావాలి. హైదరాబాద్‌లోని ఒక దుకాణంలో రెండింటినీ మార్చుకోవడానికి వీలుగా, తాళం తిప్పితే ఊడివచ్చే మౌంటు (వాటిని బండికి బిగించే ఆధారం) 11,000, బ్యాక్‌రెస్ట్ 6,500, బాక్స్ 19,500, మొత్తం 37,000 చెప్పారు. క్రెడిట్ కార్డు మీద 16 శాతం వడ్డీతో 12 నెలల వాయిదాలు కూడా ఉన్నాయి. బ్యాంకులో 40,000 ఉంది, నెలకు 5,000 చిట్టీ కడుతున్నాను. బండికి ప్రస్తుతం థర్డ్ పార్టీ బీమా (ఎదుటివారికి జరిగే నష్టానికి వర్తించేది) మాత్రమే ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ లెక్కలో నాకు మొదట కనిపించినది 19,500 రూపాయల బాక్స్ కాదు, 11,000 రూపాయల మౌంటు. అది వీపుకు ఆసరా ఇవ్వదు, సామాను మోయదు. రెండు వస్తువులు ఒకే చోటు కోసం పోటీ పడుతున్నాయి కాబట్టి, వాటిని అయిదు నిమిషాల్లో మార్చుకునే సౌకర్యానికి మీరు చెల్లిస్తున్న ధర అది. కనుక ఆ మార్పిడి ఏడాదిలో ఎన్నిసార్లు జరుగుతుందో ముందు లెక్క కట్టండి. మీరు చెప్పిన ప్రకారం ఇద్దరూ కలిసి వెళ్లేది ఏడాదికి ఇరవై నాలుగు సార్లు, మీరు ఒంటరిగా వెళ్లేది నాలుగైదు సార్లు. ఒక్కో ప్రయాణం రెండు రోజులనుకున్నా బాక్స్ బండి మీద ఉండేది ఏడాదికి పది రోజులే, మిగిలిన కాలమంతా అది ఇంట్లో అటక మీదే ఉంటుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. పండక్కి ఇద్దరూ కలిసి బట్టలతో, పిండివంటల డబ్బాలతో అచ్చంపేట వెళ్లే రోజున బ్యాక్‌రెస్ట్, బాక్స్ రెండూ ఒకేసారి కావాలి. ఈ కిట్ ఆ ఒక్క రోజునే మీకు ఉపయోగపడదు. ముందువైపు మెత్త అంటించిన బాక్సులు దొరుకుతాయి గానీ, మనిషి దాని మీద వెనక్కి వాలితే ఆ భారమంతా వెనుక ర్యాక్ మీద పడుతుంది కాబట్టి, ఆ ర్యాక్ ఎన్ని కిలోలకు తయారైందో కాగితం మీద చూడకుండా అటువంటిది కొనవద్దు.

మీరు ఒంటరిగా వెళ్లే రోజుల్లో వెనుక సీటు ఎలాగూ ఖాళీగానే ఉంటుంది. మూడు నాలుగు వేలలో దొరికే టెయిల్ బ్యాగ్‌ను ఆ సీటు మీద పెట్టి, బ్యాక్‌రెస్ట్‌కు ఆనించి పట్టీలతో బిగిస్తే, బ్యాక్‌రెస్ట్‌ను ఊడదీయవలసిన పనే ఉండదు. పైగా బాక్స్ బరువు వెనుక చక్రం ఇరుసుకు వెనుకగా, ఎత్తులో వేలాడుతుంది. అందువల్ల ముందు చక్రం తేలికై, జాతీయ రహదారి 44 మీద లారీల గాలి తగిలినప్పుడు హ్యాండిల్ ఊగే ప్రమాదం పెరుగుతుంది. సీటు మీది సంచి బరువు రెండు చక్రాల మధ్యకు వస్తుంది. బాక్స్‌కు ఉన్న నిజమైన మేలు తాళం. శ్రీశైలంలో బండి నిలిపి దర్శనానికి వెళ్లేటప్పుడు హెల్మెట్, జాకెట్ అందులో పెట్టుకోవచ్చు. ఆ మేలును నేను తక్కువ చేయడం లేదు. అయితే పది రోజుల తాళానికి బాక్స్, మౌంటు కలిపి 30,500 రూపాయలు మీ ప్రస్తుత పరిస్థితిలో ఎక్కువ.

ఆ పరిస్థితి ఏమిటంటే, వాయిదా, చిట్టీ పోగా ఇల్లు నడవడానికి మీకు 35,200 మిగులుతాయి, పొదుపు 40,000 ఉంది. ఒక నెల ఉద్యోగం ఆగినా, ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో చేరినా తుడిచిపెట్టుకుపోయే మొత్తమిది, దాన్ని ముట్టవద్దు. కార్డు వాయిదా నెలకు దాదాపు 3,360 అవుతుంది. ఏడాదిలో వడ్డీ సుమారు 3,280, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ సుమారు 590, ప్రాసెసింగ్ ఫీజు అదనం. తొందరపడి చిట్టీ పాడితే పోయే తరుగు దీనికంటే ఎక్కువ కావచ్చు, ఆ దారి కూడా వద్దు. వాయిదాగా కట్టడానికి సిద్ధపడిన ఆ 3,360నే మూడు నెలలు పక్కన పెట్టండి; 10,080 అవుతుంది, అప్పు లేకుండా బ్యాక్‌రెస్ట్, టెయిల్ బ్యాగ్ రెండూ వస్తాయి. గ్రాబ్ రెయిల్ (వెనుక కూర్చునేవారు పట్టుకునే కమ్మీ) బోల్టులకే నేరుగా బిగిసే బ్యాక్‌రెస్ట్ అడగండి. ఎప్పటికైనా బాక్స్ కొనాలన్న కోరిక ఉంటే మాత్రం, తరువాత మౌంటు మీద కూడా అమరే రకమే తీసుకోండి. లేకపోతే ఒక కంపెనీ రంధ్రాలు మరో కంపెనీ పట్టీలకు సరిపోక రెండోసారి డబ్బు పెట్టవలసి వస్తుంది.

ఆ మూడు నెలలు ఆగకుండా ఈ వారమే చేయవలసిన పని బీమా. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి కావడంతో, సొంత నష్టానికి ఉండే ఒక ఏడాది పాలసీ ముగిసిన సంగతి చాలామంది గమనించరు. మీ విషయంలోనూ అదే జరిగి ఉంటుంది. దాన్ని విడిగా పునరుద్ధరించుకోవచ్చు. గడువు తీరింది కాబట్టి కంపెనీ బండిని తనిఖీ చేయవచ్చు, 90 రోజులు దాటి ఉంటే నో క్లెయిమ్ బోనస్ (పరిహారం అడగని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా పోతుంది. బాక్స్ మీద మీకు ఆశ ఉంది కనుక ఇది కూడా తెలుసుకోండి: ద్విచక్ర వాహనాల ప్రామాణిక పాలసీలో, బండితోపాటు పోతే తప్ప, ఉపకరణాల దొంగతనానికి పరిహారం ఉండదు. తాళం తిప్పితే ఊడివచ్చే బాక్స్‌ను ఎవరైనా ఊడదీసుకుపోతే ఆ నష్టం పూర్తిగా మీదే.

అంతకంటే నన్ను కలవరపెట్టినది మీ శ్రీమతి విషయం. చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్నప్పుడు, వెనుక కూర్చున్నవారి గాయాలకు మీ బండి బీమా కంపెనీ బాధ్యత ఉండదని 2006లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా యజమానిగా బండి నడిపే మీకే గానీ ఆమెకు కాదు. నెలకు రెండుసార్లు ఆమె మీ బండి బీమా నుంచి ఏ రక్షణా లేకుండా ప్రయాణిస్తున్నారు. పునరుద్ధరణ సమయంలో వెనుక కూర్చునేవారికి ప్రమాద బీమా చేర్చమని అడిగి, పాలసీలో ఆ వాక్యం ఉందో లేదో చదివి చూసుకోండి. దానితోపాటు మీ ఇద్దరి బ్యాంకు ఖాతాల నుంచి ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరండి. ఏడాదికి ఒక్కొక్కరికి 20 రూపాయలే, ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి.

బ్యాక్‌రెస్ట్ బిగించేటప్పుడు మెకానిక్ గ్రాబ్ రెయిల్‌నూ, చీర గార్డునూ తీసేస్తానంటే ఒప్పుకోవద్దు. వెనుక కూర్చునేవారికి చేతిపట్టు, పాదాల ఆసరా, వెనుక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 123వ నిబంధన చెబుతోంది. కొనే రోజున మీ శ్రీమతిని కూడా దుకాణానికి తీసుకువెళ్లండి. ఆమె బండి మీద కూర్చుని, మెత్త తన నడుము దిగువ భాగానికి ఆనుతోందని చెప్పిన తరువాతే డబ్బు చెల్లించండి.