పిచ్చర్ మోచేతికి ఆపరేషనా, వ్యాయామ చికిత్సా?

ప్రశ్న: మాది గుంటూరు. ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్న మా అబ్బాయి (17) బేస్‌బాల్ జట్టులో కుడిచేతి పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు). మోచేతి లోపలివైపు నొప్పి వస్తే ఎమ్మారై తీయించాం. లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) పైభాగంలో కొంత చిరిగిందన్నారు. విజయవాడలో సర్జన్ ఆపరేషన్ చేయించుకోవచ్చన్నారు, ఫిజియోథెరపిస్ట్ మూడు నెలలు ఆగమన్నారు. ఆపరేషన్ చేస్తే బంతి వేగం పెరుగుతుందని వాడి స్నేహితులు అంటున్నారు. పబ్లిక్ పరీక్షలు నాలుగు నెలల్లో ఉన్నాయి. క్రీడా కోటా సీటు చేజారుతుందేమోనని భయంగా ఉంది.

సమాధానం: నేను వైద్యుణ్ని కాను కనుక చికిత్స నిర్ణయాన్ని వైద్యులకే వదిలి, ఆ నిర్ణయానికీ మీ అబ్బాయి చదువుకూ ఉన్న సంబంధం గురించి చెబుతాను. మీరు రాసిన వివరాలను బట్టి ముందుగా వ్యాయామ చికిత్సే నయమని నా అభిప్రాయం.

లిగమెంట్ పూర్తిగా తెగలేదు. పైగా కింది కొస దగ్గరి చీలికల కంటే పై కొస దగ్గరివి విశ్రాంతితో మానే అవకాశం ఎక్కువ. ఈ చికిత్సలో కొన్ని వారాలపాటు బంతి విసరడం పూర్తిగా మానిపించి, ముంజేయి, భుజం, నడుము కండరాలకు బలం చేకూర్చి, ఆ తర్వాత తక్కువ దూరం నుంచి మొదలుపెట్టి క్రమంగా విసిరిస్తారు. 2014లో ఇలాంటి పాక్షిక చీలికతోనే జపాన్ పిచ్చర్ మసహిరో తనాకా ఆపరేషన్ లేకుండా అదే ఏడాది మైదానానికి తిరిగి వచ్చి, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆడారు. మరో జపాన్ పిచ్చర్ షోహె ఒతానీకి మాత్రం 2018 జూన్‌లో ఇంజెక్షన్, విశ్రాంతి ప్రయత్నించినా అక్టోబరులో ఆపరేషన్ తప్పలేదు. కాబట్టి హామీ ఏమీ లేదు. అయితే ఎలాగూ పుస్తకాల ముందు కూర్చోవలసిన ఈ నాలుగు నెలల్లోనే విశ్రాంతి కూడా కలిసివస్తుంది కనుక, ఆగి చూడటం వల్ల మీవాడికి పోయేది చాలా తక్కువ.

ఇప్పుడే ఆపరేషన్ చేయిస్తే, సాధారణంగా మణికట్టు దగ్గరి సన్నని టెండన్‌ను (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగాన్ని) తీసి మోచేతిలో అమరుస్తారు; కలం పట్టే కుడిచేతికి వారాలపాటు కట్టు, బ్రేసు ఉంటాయి. తిరిగి మ్యాచ్‌లో పిచింగ్ చేయడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. 1974లో ఈ ఆపరేషన్ మొదటిసారి చేయించుకున్న అమెరికా పిచ్చర్ టామీ జాన్ 1975 సీజన్ మొత్తం ఆడలేకపోయారు. 1976లో తిరిగి వచ్చి 1989 వరకు ఆడి, తన 288 విజయాల్లో 164 ఆ తర్వాతే సాధించారు. స్నేహితుల మాట ఇలాంటి కథల్లోంచే పుట్టి ఉంటుంది. ఆపరేషన్ ఉద్దేశం పోయిన పట్టును తిరిగి ఇవ్వడమే. వేగం పెరిగినట్లు కనిపిస్తే, అది వయసుతో వచ్చిన బలమూ, ఏడాదిపాటు చేసిన వ్యాయామమూ కావచ్చు.

వ్యాయామం నిజాయితీగా పూర్తి చేశాక కూడా విసిరినప్పుడల్లా నొప్పి తిరగబెడితే, అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచించండి. ఈలోగా ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కితే మాత్రం ఆగకుండా వైద్యుణ్ని కలవాలి. ఆపరేషన్ దాకా వస్తే, ముందుగా మీ అబ్బాయిని ఒంటరిగా కూర్చోబెట్టి, రాబోయే నాలుగైదేళ్లు పిచ్చర్‌గానే ఉండాలని ఉందా అని అడగండి. రాయడానికి, బండి నడపడానికి, ల్యాబ్ పనికి చాలామందికి ఈ ఆపరేషన్ అవసరం రాదు. జట్టులో బంతి విసరడం తక్కువగా ఉండే ఫస్ట్ బేస్ లాంటి స్థానాలూ ఉన్నాయి. పిచ్చర్‌గానే ఉంటానంటే ఈఏపీసెట్ రాశాక చేయించండి. మొదటి సంవత్సరం కోలుకోవడంలో గడిచినా, తర్వాత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు మిగిలే ఉంటాయి.

కోటా విషయంలో భయపడకండి. లెక్కకు వచ్చేది ఇప్పటికే ఆడిన పోటీల స్థాయి, గెలిచిన పతకాలు. మోచేయి దెబ్బతిన్నంత మాత్రాన అవి రద్దు కావు. ఆ ధ్రువపత్రాలను ఇప్పుడే సరిచూసుకోండి, మరొక్క పత్రం కోసం ఇంకో టోర్నమెంటు మాత్రం ఆడించకండి. విశ్రాంతి అంటే ఆదివారం క్రికెట్‌లో బౌండరీ దగ్గర నుంచి కీపర్‌కు బంతి విసరకపోవడం కూడా అని వాడికి చెప్పండి. ఈ వయసు పిల్లలు అక్కడే దారి తప్పుతారు.