వరద చూసిన పిల్లల కథలు: ఒక యువ రచయిత్రికి లేఖ

చెల్లెమ్మకు ఆశీస్సులు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు ఇళ్లలో చిక్కుకుపోయిన పిల్లల చేత, సెల్‌ఫోన్‌లోనే, తమ కథలను చిన్న వీడియోలుగా చేయించాలనుకుంటున్నానని రాశావు. ఆలోచన నాకెంతో నచ్చింది కనుకనే కొన్ని మాటలు గట్టిగా చెబుతున్నాను.

డిజిటల్ స్టోరీటెల్లింగ్ అనే ఈ పద్ధతికి 1990లలో కాలిఫోర్నియాలో జో లాంబర్ట్, డానా ఆచ్లీ, వారి మిత్రులు రూపమిచ్చారు. గుండ్రంగా కూర్చుని కథ చెప్పుకోవడం, దాన్ని క్లుప్తంగా రాసుకుని సొంత గొంతుతో చదవడం, బొమ్మలో ఫొటోలో జతచేసి రెండు మూడు నిమిషాల్లో ముగించడం. యాప్‌ల సంగతికి బెంగపడకు, పిల్లలు నీకంటే ముందే నేర్చేసుకుంటారు.

అసలు మేలు ఎక్కడుందో చూడు. మనసుకు గట్టి దెబ్బ తగిలిన పిల్లవాడికి ఆ వరద రాత్రి గడిచిపోయిన రాత్రిలా ఉండదు. వాన చప్పుడు వినబడితే చాలు, నీళ్లు మళ్లీ గడప దాటుతున్నట్టే ఉంటుంది. జర్మనీలోని కోన్‌స్టాన్జ్‌లో పరిశోధకులు పిల్లల కోసం మలచిన కథన చికిత్సలో నేల మీద తాడు పరిచి, పుట్టినప్పటినుంచి జరిగిన మంచికి పూలు, చెడుకు రాళ్లు పెట్టిస్తారు. ఎడిటింగ్ యాప్‌లో అడుగున కనిపించే టైమ్‌లైన్ కూడా అలాంటి తాడేనని నా నమ్మకం. వరద బొమ్మకు ముందు అమ్మమ్మ ఊరినీ, దాని తరువాత మళ్లీ బడికెళ్లిన రోజునూ తన వేలితోనే జరిపి పెట్టుకున్నప్పుడు, ఆ రాత్రికి ఒక మొదలూ ఒక చివరా ఉన్నాయని వాడి కళ్లకే కనబడుతుంది. అందుకే వరదతో మొదలుపెట్టించకు. టీవీ వార్తల దృశ్యాలను, వాన శబ్దాలను నువ్వుగా చేర్చకు.

వాళ్ల మాటలు దిద్దకు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తరువాత విశాఖ తీరంలో ఒక పిల్లవాడు "మా మేక ఎటు పోయిందో తెలీదు" అని రాస్తే, నేను "మా మేకను గాలి ఎత్తుకుపోయింది" అని మార్చాను. వాడు కాగితం మడిచి నా చేతికిచ్చేశాడు, రికార్డు చేయనన్నాడు. వాడింకా ఆ మేక కోసం ఎదురుచూస్తున్నాడని నాకు తరువాత గాని తెలియలేదు. ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

కథ చెబుతూ ఎవరైనా బిగుసుకుపోతే, నిద్ర పట్టడం లేదంటే, అక్కడితో ఆపు. చికిత్స చేయడం మన పని కాదు. శిక్షణ పొందిన కౌన్సెలర్ మొదటి రోజు నుంచీ నీ పక్కన ఉండాలి. తల్లిదండ్రులకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలిమానస్ నంబరు 14416 రాసివ్వు.

వీడియో ఎవరు చూడాలన్నది, తల్లిదండ్రుల అంగీకారం ఉన్నా, పిల్లల్నే రెండుసార్లు అడుగు, తీసే ముందూ, పూర్తయ్యాక కూడా. చెరిపేయమంటే వాళ్ల ఎదుటే చెరిపెయ్యి.

పని మొదలయ్యాక ఉత్తరం రాయి. వీడియోలు మాత్రం నాకు పంపకు, ఆ పిల్లలే చూపించమని అడిగితే తప్ప.

నీ అక్క