ఇద్దరికీ ఒకేసారి జ్వరం వస్తే పాపను ఎవరు చూస్తారు?

ప్రశ్న: అన్నా, మాది కావలి. న్యూజెర్సీ వచ్చి ఆరు నెలలైంది. నేను, నా భార్య, ఐదేళ్ల పాప. అమ్మానాన్నలు ఊళ్లోనే ఉన్నారు. బర్డ్ ఫ్లూ మనుషుల్లో పాకితే మళ్లీ 2020లాగే అవుతుందని విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఇంట్లో ఏమేం పెట్టుకోవాలి?

తమ్ముడూ, సంక్రాంతికి నేనూ కావలి వచ్చాను. అమ్మ వాళ్ల వరండాలో కూర్చుని నీకు జవాబు రాస్తున్నాను.

నీ ప్రశ్న చదవగానే 2009 గుర్తొచ్చింది. ఆ జూన్‌లో స్వైన్ ఫ్లూను ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారిగా ప్రకటించింది. అక్టోబరులో నాకూ మీ వదినకూ ఒకే రోజు జ్వరం పట్టుకుంది. బాబుకి రెండేళ్లు. బియ్యం, పప్పు, మందులు అన్నీ ఇంట్లో ఉన్నాయి, లేచి పొయ్యి వెలిగించే మనిషే లేడు. మూడో రోజు పై అంతస్తులో ఉండే ఒంగోలు వాళ్లు మిరియాల చారు, మెత్తటి అన్నం తలుపు దగ్గర పెట్టి ఫోన్ చేశారు. అప్పటిదాకా వాళ్లతో మాకు మెట్ల మీద పలకరింపే. అందుకే సామాను కంటే ముందు మనుషుల సంగతి చెబుతాను.

ఇక్కడ రెండు రోజులు వాకిట్లో ముగ్గు పడకపోతే పక్కింటామె వచ్చి "ఏందమ్మా, ఒంట్లో బాగలేదా?" అంటుంది. అక్కడ నీ తలుపు ఎవరూ తట్టరు. కాబట్టి అందరూ బాగున్నప్పుడే, దగ్గర్లో ఉండే రెండు కుటుంబాలతో మాట్లాడుకో. తెలుగువాళ్లే కానక్కర్లేదు. మాకు జ్వరాలొస్తే మీరు అన్నం పంపండి, మీకొస్తే మేం పంపుతాం, మేమిద్దరం ఆస్పత్రిలో పడితే పాపను మీ దగ్గర పెట్టుకోండి అని విడమరిచి అడుగు. మొహమాటంగా ఉంటుంది, నాకు తెలుసు. అయినా అడుగు. పాప స్కూల్లో ఎమర్జెన్సీ కాంటాక్టుల కింద వాళ్ల పేర్లు రాయించు. పేరు లేనివాళ్లతో స్కూలు వాళ్లు పిల్లను పంపరు.

సామాను విషయం పెద్ద కష్టం కాదు. రెండు వారాలు బయటికి వెళ్లకుండా గడిచేలా చూసుకో. అందులో జ్వరం మనిషి తినగలిగినవి ఉండాలి, గంజికి బియ్యం నూక, పెసరపప్పు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. ఎన్95 మాస్కులు, థర్మామీటరు, పల్స్ ఆక్సీమీటరు కూడా. రోజూ వేసుకునే మాత్రలుంటే మూడు నెలలకు సరిపడా ఒకేసారి రాయమని డాక్టర్ని అడుగు, చాలా ఇన్సూరెన్సులు ఒప్పుకుంటాయి.

మందుల్లో ఒక్కటి మాత్రం జాగ్రత్త. మనం పారాసెటమాల్ అనేదాన్ని అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. టైలెనాల్‌లో ఉన్నది అదే, నువ్వు ఊరి నుంచి తీసుకెళ్లిన డోలోలో ఉన్నదీ అదే, జలుబుకి తాగే చాలా సిరప్పుల్లోనూ అదే. నేను ఆ జ్వరంలో మాత్ర వేసుకుని, పైన రాత్రి సిరప్ తాగాను. రెండు రోజుల తర్వాత ఫార్మసీ ఆవిడ అడిగి చెప్పేదాకా నాకు తెలియలేదు. పెద్దవాళ్లకు కూడా రోజుకు 4 గ్రాములు దాటకూడదు, దాటితే కాలేయానికి ముప్పు. పాపకు జ్వరమొస్తే ఆస్పిరిన్ అసలు ఇవ్వొద్దు.

"మూడు రోజులు చూద్దాం" అనే మన అలవాటు ఫ్లూలో పనికిరాదు. టామీఫ్లూ లాంటి మందు 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది, మొదటి రోజే డాక్టర్‌కి ఫోన్ చెయ్యి. ఊపిరి ఆడకపోయినా, పెదాలు నీలంగా మారినా, పాప ఎనిమిది గంటలు మూత్రం పోయకపోయినా, తగ్గిన జ్వరం మళ్లీ ఎక్కువై తిరిగొచ్చినా ఇంట్లో ఉండొద్దు.

ఏటా వేసే ఫ్లూ టీకా బర్డ్ ఫ్లూని ఆపదు. కానీ ఆస్పత్రులు కిటకిటలాడేటప్పుడు మామూలు ఫ్లూతో అక్కడికి వెళ్లే అవసరాన్ని తగ్గిస్తుంది. అక్టోబరులోపు వేయించుకోండి. పాపకు ఇంతకు ముందెప్పుడూ వేయించకపోతే నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు కావాలి, తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటిసారి అంతే.

కోడిమాంసం, గుడ్లు బాగా ఉడికించి తింటే భయం లేదు. 2024 ఫిబ్రవరిలో మన పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చింది. మరుసటి నెలలోనే అమెరికాలో పాడి ఆవుల్లో బయటపడింది. కమ్మటి పెరుగు కోసం ఫారాల నుంచి కాచని పాలు తెచ్చుకునే మనవాళ్లు ఉన్నారు, ఆ పని మానేయండి.

ఇక అమ్మానాన్నలు. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కరోనా కేసు 2020 మార్చిలో మన నెల్లూరులోనే బయటపడింది. ఆ నెలాఖరుకే విమానాలు ఆగిపోయాయి. కాబట్టి అవసరమైనప్పుడు మనం వెళ్లలేమనే లెక్కతోనే ఏర్పాటు చేసుకోవాలి. 2021 మేలో మా నాన్నకు ఆయాసమొచ్చి ఆస్పత్రికి తీసుకెళ్తే, ఏ మాత్రలు వాడుతున్నారని అడిగారట. "తెల్లవి రెండు, పసుపుది ఒకటి" అంది అమ్మ. మందుల షాపు నంబరు నా దగ్గర లేదు. రాత్రంతా ఫోన్లు చేస్తే తెల్లవారాక గానీ పేర్లు దొరకలేదు. నాన్న బయటపడ్డాడు గానీ ఆ రాత్రి నేను మర్చిపోలేను.

నువ్వు ఈ వారమే చీటీ రాయించు. మాత్రల పేర్లు, డోసు, మందుల షాపు నంబరు, తాళంచెవి ఏ పొరుగింట్లో ఉందో, రాత్రిపూట నెల్లూరు తీసుకెళ్లే కారు ఎవరిదో, 108. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి వాళ్ల డాక్టర్ని అడిగించు. ఆ చీటీ ఫొటో నీ ఫోన్‌లోనూ ఉండాలి. మా అమ్మ దాన్ని బీరువా తలుపుకి అంటించుకుంది. నిన్న చూస్తే షుగర్ మాత్ర మారింది, పాత పేరు కొట్టేసి కొత్తది రాశాను.